డబ్బు కట్టాల్సింది ఎవరు? 1942–44 అమెరికా రికార్డింగ్ సమ్మెపై ఒక కేస్ స్టడీ

1942 ఆగస్టు 1 నుంచి అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యుజీషియన్స్ (వాద్యకారుల కార్మిక సంఘాల సమాఖ్య) సభ్యులైన వాద్యకారులు గ్రామఫోను కంపెనీల కోసం వాయించడం మానేశారు. డెక్కా కంపెనీతో పేచీ పదమూడు నెలలు దాటాక తీరింది. ఆర్‌సీఏ విక్టర్, కొలంబియా కంపెనీలతో మాత్రం 1944 నవంబరు 11 దాకా, అంటే 27 నెలలకు పైగా సాగింది. అమ్ముడైన ప్రతి రికార్డు మీదా ఇంత చొప్పున సంఘం నిధికి జమ చేస్తామని చివరకు కంపెనీలన్నీ సంతకాలు పెట్టాయి కాబట్టి, కార్మికోద్యమ చరిత్రలో దీన్ని విజయంగానే రాస్తారు. సంగీత హక్కుల ఒప్పందాలు రాయడం, రాయల్టీ లెక్కలు సరిచూడటం వృత్తిగా ఉన్న నాకు మాత్రం ఇందులో మరో సంగతి ప్రధానంగా కనిపిస్తుంది. వాద్యకారుల ఉపాధికి గండి కొట్టింది రేడియో. పరిహారం కట్టింది రికార్డు కంపెనీ. బిల్లు ఒకరి మీద పడాల్సింది మరొకరి మీద ఎందుకు పడింది, ఆ తరువాత ఏం జరిగింది అన్నదే ఈ కేసులో పరిశీలించదగ్గ విషయం.

సమ్మెకు ముందు

మూకీ చిత్రాల కాలంలో అమెరికాలోని ప్రతి పెద్ద థియేటర్‌లోనూ ఒక వాద్యబృందం ఉండేది. 1927 తరువాత టాకీలు రావడంతో రెండు మూడేళ్లలోనే వేలాది మంది ఆ కొలువులు పోగొట్టుకున్నారు. అప్పట్లో వారికి ఊరటగా కనిపించింది రేడియోనే. 1920 నవంబరు 2న పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ ప్రసారాలతో మొదలైన ఈ వ్యాపారం, 1926లో ఎన్‌బీసీ, 1927లో సీబీఎస్ నెట్‌వర్క్‌లు ఏర్పడేనాటికి భారీ పరిశ్రమ అయింది. నెట్‌వర్క్ కార్యక్రమాల్లో పాట అంటే స్టూడియోలో అప్పటికప్పుడు వాయించే పాటే. రికార్డు వేసి వినిపించడం చిన్న స్టేషన్ల పేదరికానికి గుర్తుగా చూసేవారు.

రేడియోలో పాట ఉచితంగా దొరకడం, ఆపైన ఆర్థిక మాంద్యం రావడం కలిసి రికార్డు పరిశ్రమను దాదాపు చంపేశాయి. 1921లో పది కోట్ల డాలర్లు దాటిన అమ్మకాలు 1933 నాటికి అరవై లక్షల డాలర్ల దరిదాపులకు పడిపోయాయి. విక్టర్ కంపెనీని 1929లోనే ఆర్‌సీఏ కొనేసింది. కొలంబియా 1938లో సీబీఎస్ చేతికి వచ్చింది. దేశంలోని మూడు పెద్ద రికార్డు కంపెనీల్లో రెండు ఈ విధంగా ప్రసార సంస్థల ఇంటి మనుషులయ్యాయి. మూడోదైన డెక్కా 1934లో పుట్టింది. దానికి రేడియో అండ లేదు. 35 సెంట్లకే రికార్డు అమ్మి, నాణెం వేస్తే రికార్డు వినిపించే జ్యూక్‌బాక్స్ యంత్రాల యజమానులను నమ్ముకుని అది నిలదొక్కుకుంది. ఈ తేడా సమ్మె నడిచిన తీరులో నిర్ణాయకమైంది.

రికార్డులు మళ్లీ అమ్ముడవడం మొదలయ్యాక స్టేషన్లు కూడా వాటి రుచి మరిగాయి. 1935లో న్యూయార్క్‌లోని డబ్ల్యూఎన్ఈడబ్ల్యూ స్టేషన్‌లో మార్టిన్ బ్లాక్ అనే వ్యాఖ్యాత, డాన్సు హాలులో బృందం ఎదురుగా వాయిస్తున్నట్టు నటిస్తూ రికార్డులు వేసే కార్యక్రమం ప్రారంభించి విపరీతమైన ఆదరణ పొందాడు. ఒక మనిషి, ఒక టర్న్‌టేబుల్, దుకాణంలో కొన్న కొన్ని రికార్డులు ఉంటే స్టేషన్‌కు వాద్యబృందంతో పని లేదని దాంతో రుజువైపోయింది.

లేబుల్ మీద రాసిన ఒక వాక్యం

కేసుకు అసలు కీలకం ఇక్కడుంది. 1930లలో అమ్మిన అనేక రికార్డుల లేబుల్ మీద, పాట పేరు, కళాకారుడి పేరుతో పాటు చిన్న అక్షరాల్లో ‘రేడియో ప్రసారానికి అనుమతి లేదు’ అన్న హెచ్చరిక ఉండేది. దానికి చట్టబలం ఉందా లేదా అన్నది ఎవరికీ స్పష్టంగా తెలియదు. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం స్వరకర్తను, గేయరచయితను గుర్తించింది కానీ, రికార్డు మీద ముద్రితమైన ధ్వనిని రక్షించదగిన రచనగా గుర్తించలేదు. అందువల్ల గాయకుడు గానీ వాద్యకారుడు గానీ రాష్ట్రాల సంప్రదాయ న్యాయాన్ని (చట్టసభ రాసింది కాకుండా, కోర్టుల పాత తీర్పుల నుంచి వచ్చిన ‘కామన్ లా’ను) ఆశ్రయించాల్సి వచ్చింది.

మొదట గెలిచినవాడు ఫ్రెడ్ వారింగ్ అనే బ్యాండ్ నాయకుడు. తన రికార్డును డబ్ల్యూడీఏఎస్ స్టేషన్ ప్రసారం చేయడాన్ని సవాలు చేస్తే, 1937లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు అతని వైపే తీర్పు చెప్పింది. ఆ ఊపులో పాల్ వైట్‌మన్ అనే మరో బ్యాండ్ నాయకుడి పేరుతో న్యూయార్క్‌లో నడిచిన వ్యాజ్యం 1940 జులైలో ఫెడరల్ అప్పీలు కోర్టులో న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్ ముందు తేలింది. రికార్డులు బజారులో అమ్మిన క్షణంతో ఆ ప్రదర్శన మీద కళాకారుడికి గానీ కంపెనీకి గానీ ఉన్న సంప్రదాయ హక్కు తీరిపోతుందనీ, కొనుక్కున్నవాడు దాన్ని ప్రసారం చేయకుండా లేబుల్ మీది హెచ్చరిక ఆపలేదనీ ఆయన తేల్చాడు. ఆ డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి నిరాకరించింది. దాంతో లేబుల్ మీది వాక్యం అలంకారంగా మిగిలింది.

స్వరకర్తల పరిస్థితితో పోల్చి చూస్తే ఈ తీర్పు బరువు తెలుస్తుంది. లాభం కోసం చేసే బహిరంగ ప్రదర్శన మీద 1909 చట్టం వారికి హక్కు ఇచ్చింది. ఆ హక్కును వసూలు చేయడానికి 1914లో ఆస్కాప్ అనే సంస్థను వారు స్థాపించుకున్నారు. ఆస్కాప్ ధర పెంచబోతే స్టేషన్లు 1939లో బీఎంఐ పేరుతో పోటీ సంస్థ పెట్టి, 1941లో పది నెలల పాటు ఆస్కాప్ పాటలనే నెట్‌వర్క్‌లలో వినిపించకుండా బహిష్కరించాయి. కాపీరైటు ఎన్నడో తీరిన స్టీఫెన్ ఫోస్టర్ పాటలు విని విని ఆ ఏడాది శ్రోతలకు విసుగెత్తిపోయింది. కానీ అది ధర మీద పోట్లాట మాత్రమే. స్వరకర్తకు డబ్బు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న అక్కడ లేదు. వాద్యకారుడి విషయంలో వైట్‌మన్ తీర్పు తరువాత ఉన్నది ఆ మొదటి ప్రశ్నే. దానికి కోర్టు ఇచ్చిన జవాబు ‘అక్కర్లేదు’.

పెట్రిల్లో ఎత్తుగడ

1940లో సమాఖ్య అధ్యక్షుడైన జేమ్స్ సీజర్ పెట్రిల్లో షికాగో వీధుల్లో ట్రంపెట్ వాయిస్తూ పెరిగినవాడు, షికాగో స్థానిక సంఘాన్ని ఏళ్ల తరబడి గుప్పిట్లో పెట్టుకున్నవాడు. 1937లో షికాగో పరిధిలో ఒక రికార్డింగ్ నిషేధం నడిపిన అనుభవమూ ఉంది. ఐస్ అమ్ముకునేవాడి పొట్ట రిఫ్రిజిరేటర్ కొట్టింది కానీ, ఆ రిఫ్రిజిరేటర్‌ను ఐస్ అమ్ముకునేవాడు తయారు చేయలేదు. వాద్యకారుడు మాత్రం తన పని ఊడగొట్టే యంత్రాన్ని తానే వాయించి తయారు చేస్తున్నాడన్నది ఆ రోజుల్లో సంఘం తరఫున తరచూ వినిపించిన వాదన.

ఆయన ముందున్న దారులు చాలా తక్కువ. రికార్డులు వేసుకుని బతికే చిన్న స్టేషన్‌లో వాద్యకారులే లేరు కాబట్టి అక్కడ సమ్మెకు అర్థం లేదు. స్టేషన్లు ఇంతమంది వాద్యకారులను నియమించుకోవాలని 1930ల చివర్లో పాత నాయకత్వం కుదుర్చుకున్న ఒప్పందం 1940 నాటికి కాలదోషం పట్టింది. చట్టం ద్వారా రేడియోను అడగడానికి వైట్‌మన్ తీర్పు అడ్డు. ఇక సంఘం శ్రమ లేకుండా ఒక్క రోజు కూడా కొత్త సరుకు తయారు చేయలేనిది రికార్డు కంపెనీ ఒక్కటే. పట్టు ఎక్కడ దొరికితే అక్కడే పట్టుకోవాలి కాబట్టి పెట్రిల్లో కంపెనీని పట్టుకున్నాడు. అప్పటి పరిస్థితిలో నేనైనా బహుశా అదే సలహా ఇచ్చేవాణ్ణి. కాకపోతే రేడియో ఆదాయంతో ముడిపడిన ఒక్క షరతైనా ఒప్పందంలో ఉండాలని, విక్టర్, కొలంబియాల వెనుక ఉన్న ప్రసార సంస్థల పేర్లు కాగితం మీదికి రావాలని పట్టుబట్టేవాణ్ణి.

1942 జూన్‌లో డాలస్‌లో జరిగిన మహాసభ తరువాత ఆయన కంపెనీలకు పంపిన నోటీసులో సమ్మె అన్న మాట లేదు. జులై 31తో కంపెనీల లైసెన్సులు ముగుస్తాయి, ఆ తరువాత మా సభ్యులు రికార్డింగులకు వాయించరు అని మాత్రమే ఉంది. డిమాండు ఏమిటో చెప్పలేదు. ఇంత డబ్బు ఇవ్వండి అన్న మొదటి స్పష్టమైన ప్రతిపాదన 1943 ఫిబ్రవరిలో గానీ బల్ల మీదికి రాలేదు. అప్పటికి ఆరు నెలలు గడిచిపోయాయి, సెనేట్ ఉపసంఘం విచారణ కూడా మొదలైపోయింది. అడిగేది ఏమిటో చెప్పకుండా పని ఆపడం వల్ల ప్రజాభిప్రాయం ఆ ఆరు నెలల్లో పూర్తిగా చేజారింది. యుద్ధం నడుస్తున్న దేశంలో మధ్యపేరు సీజర్ అయిన మనిషి పాటలు ఆపించాడంటే పత్రికలకు కార్టూన్లకు కరువేముంటుంది? పైగా అదే వేసవిలో మిషిగన్‌లోని ఇంటర్‌లోకెన్ సంగీత శిబిరంలో పాఠశాల విద్యార్థులు వాయించే ఆర్కెస్ట్రా కార్యక్రమాన్ని ఎన్‌బీసీలో రాకుండా ఆయన ఆపించడం, నాలుగేళ్ల తరువాత పెట్రిల్లో వ్యతిరేక చట్టంగా పేరుపడిన 1946 నాటి లీ చట్టానికి దారి తీసిన కారణాల్లో ఒకటి.

న్యాయశాఖ గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద వేసిన దావా మాత్రం నిలవలేదు. ఇది కార్మిక వివాదమనీ, ఇందులో నిషేధాజ్ఞ ఇవ్వడానికి వీల్లేదనీ షికాగో ఫెడరల్ కోర్టు కొట్టేస్తే, 1943 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.

లక్క కొరత, గాయకుల బృందగానాలు

సమ్మె మొదట్లో కంపెనీలకు పెద్దగా నొప్పి తెలియలేదు. జూన్, జులై నెలల్లో రాత్రింబవళ్లు రికార్డు చేసి సరుకు నిల్వ పెట్టుకోవడం ఒక కారణమైతే, మనకు దగ్గరి సంబంధం ఉన్న మరో కారణం లక్క. ఆనాటి 78 ఆర్‌పీఎం రికార్డుకు ముఖ్యమైన ముడిసరుకు షెల్లాక్. అది ప్రధానంగా భారతదేశం నుంచే, ఛోటానాగ్‌పూర్ అడవుల్లో లక్కపురుగు కట్టిన గూళ్ల నుంచే, కలకత్తా రేవు మీదుగా వెళ్లేది. యుద్ధావసరాల పేరుతో 1942 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధ ఉత్పత్తి మండలి రికార్డు పరిశ్రమకు షెల్లాక్ వాడకాన్ని 70 శాతం తగ్గించింది. కొత్త రికార్డు కావాలంటే పాత రికార్డు తెచ్చి ఇవ్వమని దుకాణాలవారు కొనుగోలుదారులను అడిగేవారు, వాటిని కరిగించి మళ్లీ అచ్చు వేయడానికి. అచ్చు వేయగలిగిన రికార్డులే తక్కువైనప్పుడు కొత్త పాటలు లేకపోవడం అంత పెద్ద లోటు కాదు. సమ్మె ముహూర్తం ఇంతకంటే చెడ్డది దొరకదు.

గాయకులు సమాఖ్య సభ్యులు కారు కాబట్టి వారికి నిషేధం వర్తించలేదు. వాద్యాలకు బదులు బృందగాయకులు గొంతుతోనే నేపథ్యం కూర్చగా ఫ్రాంక్ సినాట్రా కొలంబియాకు, డిక్ హేమ్స్ డెక్కాకు 1943లో పాడారు. 1939లో హ్యారీ జేమ్స్ బ్యాండ్‌తో సినాట్రా పాడగా అప్పట్లో ఎవరూ పట్టించుకోని పాటను మళ్లీ విడుదల చేస్తే పెద్ద హిట్టయింది. వాద్యబృందాల కాలం పోయి గాయకుల కాలం రావడానికి ఈ సమ్మే కారణమని తరచూ రాస్తుంటారు. నాకు అంత నమ్మకం లేదు. వాద్యకారులు సైన్యంలోకి వెళ్లిపోవడం, పెట్రోలు రేషన్ వల్ల బ్యాండ్లు ఊరూరా తిరగలేకపోవడం, 1944లో డాన్సు ఉన్న నైట్‌క్లబ్బుల మీద విధించిన 30 శాతం పన్ను — ఇవన్నీ అదే దెబ్బ కొట్టాయి. సమ్మె చేసిన అసలు నష్టం ఆధారాలకు సంబంధించినది. జాజ్ వాద్యకారులు చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ ఇద్దరూ కలిసి ఉన్నప్పటి ఎర్ల్ హైన్స్ బ్యాండ్ స్టూడియో రికార్డు ఒక్కటీ లేదు. బీబాప్ అనే కొత్త జాజ్ శైలి ఎలా రూపుదిద్దుకుందో చెప్పడానికి చరిత్రకారులు జ్ఞాపకాల మీదే ఎక్కువగా ఆధారపడాల్సి వస్తోంది.

పావు సెంటు లెక్క

1943 సెప్టెంబరులో డెక్కా లొంగింది. రేడియో సంస్థ అండ లేని కంపెనీకి కొత్త రికార్డులు తప్ప వేరే బతుకుతెరువు లేదు. అక్టోబరులో, అంతకు ముందు ఏడాదే పుట్టిన కాపిటల్ కంపెనీ దాని వెంట నడిచింది. ఆ అక్టోబరులోనే బ్రాడ్‌వేలో ఊపు మీదున్న ‘ఓక్లహోమా!’ సంగీత నాటకాన్ని అసలు నటీనటులతో, పూర్తి ఆర్కెస్ట్రాతో డెక్కా రికార్డు చేసి మార్కెట్టు కొల్లగొట్టింది. విక్టర్, కొలంబియా చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చింది. అయినా అవి కార్మిక వివాదాలు తీర్చే యుద్ధకాల కార్మిక మండలిని నమ్ముకుని మరో ఏడాది బిగిశాయి. నిషేధం ఎత్తేయమని మండలి 1944 జూన్‌లో ఆదేశిస్తే పెట్రిల్లో వినలేదు. అక్టోబరులో స్వయంగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తంతి పంపినా వినలేదు. దీనివల్ల యుద్ధ ప్రయత్నానికి పెద్ద ఆటంకం లేదని ప్రభుత్వం ఊరుకోవడంతో, రెండు కంపెనీలూ నవంబరులో సంతకం చేశాయి.

డెక్కా ఒప్పందంలో చెల్లింపు రికార్డు చిల్లర ధరను బట్టి ఉంది. 35 సెంట్ల రికార్డుకు పావు సెంటుతో మొదలై, ఖరీదైన రెండు డాలర్ల రికార్డుకు ఐదు సెంట్ల దాకా పెరుగుతుంది. లెక్కలు చూసే కంటితో ఈ క్లాజు చదివితే లోపం వెంటనే బయటపడుతుంది. కొలమానం అమ్మకమే తప్ప ప్రసారం కాదు. ఒక స్టేషన్ 35 సెంట్లు పెట్టి ఒక రికార్డు కొని, రోజుకు రెండుసార్లు చొప్పున ఏడాది పొడవునా వేస్తే, 730 ప్రసారాలకు గాను వాద్యకారుల నిధికి చేరేది ఆ ఒక్క పావు సెంటు. ఆ పావు సెంటు కూడా స్టేషన్ కట్టదు, కంపెనీ కడుతుంది. ఇంట్లో గ్రామఫోను మీద నెలకోసారి వినే గుమాస్తా కొన్న రికార్డుకూ, లక్షల మందికి వినిపించి ప్రకటనలు అమ్ముకునే స్టేషన్ కొన్న రికార్డుకూ ఒకటే రేటు.

రెండో లోపం, డబ్బు ఎవరికి పోవాలన్న దాంట్లో ఉంది. అది రికార్డులో వాయించినవారికి కాకుండా, పని కోల్పోయిన సభ్యులకు ఉపాధి కల్పించే ఉచిత కచేరీల నిధికి పోయింది. ఉద్దేశం మంచిదే, పార్కుల్లో, ఆసుపత్రుల్లో, బడుల్లో వేల కచేరీలు జరిగాయి. కానీ యూనియన్ నేరుగా నడిపే అటువంటి నిధిని 1947 నాటి టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం నిషేధించడంతో పెట్రిల్లో 1948 జనవరి 1 నుంచి రెండోసారి రికార్డింగులు ఆపించాడు. అది ఆ డిసెంబరులో ముగిసింది. నిధి స్వతంత్ర ట్రస్టీ చేతికి మారింది. ఆ ట్రస్టీ శామ్యూల్ రోసెన్‌బామ్ అంతకు ముందు ఫిలడెల్ఫియాలో డబ్ల్యూఎఫ్ఐఎల్ రేడియో స్టేషన్‌ను నడిపినవాడు కావడం విశేషమే.

ట్రస్టు పెరిగేకొద్దీ లాస్ ఏంజెలస్‌లో అసంతృప్తి ముదిరింది. దేశంలో రికార్డింగుల్లో, సినిమాల్లో వచ్చే ఆదాయంలో పెద్ద వాటా సంపాదించిపెట్టేది హాలీవుడ్ స్టూడియోల్లో వాయించే కొద్దిమందే. తాము అడిగి సాధించిన వేతనాల పెంపును కూడా 1950ల మధ్యలో సమాఖ్య ట్రస్టుకు మళ్లించడంతో వారు భగ్గుమన్నారు. సెసిల్ రీడ్ నాయకత్వంలో అక్కడి 47వ స్థానిక సంఘం సభ్యులు తిరగబడి, కోర్టుల్లో దావాలు వేసి, చివరకు 1958లో మ్యుజీషియన్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా అనే పోటీ సంఘం పెట్టి సినిమా స్టూడియోల ప్రాతినిధ్య ఎన్నికలో సమాఖ్యను ఓడించారు. ఆ ఏడాదే పెట్రిల్లో అధ్యక్ష పదవి వదులుకున్నాడు. 1960లలో, రికార్డులో వాయించినవారికే నేరుగా ఏటా వాటా పంచే ప్రత్యేక చెల్లింపుల నిధి ఏర్పడ్డాక గానీ ఈ గొడవ పూర్తిగా సద్దుమణగలేదు. 1943లోనే నిధిని రెండుగా చీల్చి, సగం వాయించినవారికీ సగం నిరుద్యోగులకూ ఇచ్చి ఉంటే ఈ చీలిక తప్పేదని నా అభిప్రాయం.

ఇప్పటి చట్టంలో

ధ్వని ముద్రణకు ఫెడరల్ కాపీరైట్ రక్షణ 1972 ఫిబ్రవరి 15 నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. అదీ నకళ్లు తీయడాన్ని ఆపడానికే. ప్రసారం మీద హక్కు ఇవ్వలేదు. 1995లో డిజిటల్ ప్రసారాలకు మాత్రం ఆ హక్కు వచ్చింది. శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోలు చట్టబద్ధ లైసెన్సు (యజమానిని విడిగా అడగకుండానే, నిర్ణీత రేటుకు చట్టం ఇచ్చే అనుమతి) కింద కట్టే డబ్బును సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే సంస్థ వసూలు చేసి, 50 శాతం రికార్డు యజమానికి, 45 శాతం ప్రధాన కళాకారుడికి, మిగిలిన 5 శాతం వెనుక వాయించిన, పాడినవారి నిధికి పంచుతుంది. ఆ ఐదు శాతాన్ని పంపిణీ చేసే నిధిని నడిపే రెండు సంఘాల్లో ఒకటి పెట్రిల్లో సమాఖ్యే.

మన దేశంలో దారి వేరుగా సాగింది. ఇక్కడ ధ్వని ముద్రణ యజమానికి ప్రసారం మీద హక్కు ఉంది. ఎఫ్‌ఎం స్టేషన్లు తమ నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం చెల్లించాలని 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు ఆదేశించింది, ఆ రేటు 2020 దాకా నడిచింది. 2012 సవరణతో ప్రదర్శకులకు కూడా రాయల్టీ హక్కు చట్టంలో చేరింది. అమలులో ఎన్ని చిక్కులున్నా, రేటును స్టేషన్ ఆదాయానికి ముడిపెట్టడం అన్న ఒక్క అంశంలో 2010 నాటి ఆ నమూనా 1943 నాటి డెక్కా క్లాజు కంటే మెరుగైనదే.

అమెరికాలో ఏఎం, ఎఫ్‌ఎం స్టేషన్లు స్వరకర్తకు కడతాయి, రికార్డులో పాడి వాయించినవారికి చట్టప్రకారం ఏమీ కట్టనక్కర్లేదు. ప్రసారం వల్ల రికార్డుకు ఉచిత ప్రచారం దొరుకుతుందన్నది ప్రసారకర్తల సంఘం వాదన. దీన్ని మార్చడానికి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో పదేపదే పెట్టిన బిల్లులు గట్టెక్కలేదు. అదే స్టేషన్ అదే పాటను అదే క్షణంలో తన వెబ్‌సైట్ ద్వారా కూడా వినిపిస్తే, అక్కడ వింటున్న ఒక్కొక్కరి లెక్కన సౌండ్‌ఎక్స్ఛేంజ్‌కు చెల్లించాలి. టవరు నుంచి వెళ్లే ప్రసారాన్ని కారులో వింటున్నవారికి ఆ లెక్క లేదు.